పేరు రాయని నంబరు

మా అప్ప ఫోను చచ్చిపోయిందని కంపెనీవాళ్ళు తేల్చేశారు. అది చావలేదు. గంట మోగుతోంది, తెర వెలుగుతోంది, ఒకసారి ఛార్జింగు పెడితే రోజున్నర వస్తోంది. అయినా సరే, ఇక దానికి కొత్త సాఫ్ట్‌వేరు పంపం, పాతదాని మీద మాటలు పంపుకునే యాప్ తెరుచుకోదు, వేరే ఫోను కొనుక్కోండి అన్నారు. అప్ప అంటే మావైపు అక్క. ఆ ఒక్క మాటతో ఆ డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి నోరు నొక్కేశారు. ఇది అన్యాయం. ముందు ఈ ముక్క రాసిపెట్టి తరవాత మిగతాది చెబుతాను.

నిన్న జలంత్రకోటలో అప్పను చూడబోతే ఆ ఫోను ఆరిపోయి ఉంది. నేనే వెలిగించాను. వెలిగించిన ప్రతిసారీ నల్లటి తెర మీద అయిదు సెకన్ల పాటు ఇంగ్లీషులో నాలుగు వరుసలు వస్తాయి. ఈ పరికరం తాళం తీసి ఉంది, దీన్ని నమ్మడానికి లేదు అని వాటి సారాంశం. తాళం తీసింది నేనే కాబట్టి ఆ మాట నన్నే అంటున్నట్టుంటుంది. అప్పకు చదువు రాదు. మొదటిసారి వాటిని చూసి, "ఏటిరా అది, ఏటి రాసున్నాది?" అంది. "నమస్కారం సెప్తన్నాది" అన్నాను. అప్పట్నుంచి అది వెలిగినప్పుడల్లా మా అప్ప తిరిగి దానికి దండం పెడుతుంది. నిన్న కూడా పెట్టింది. కొబ్బరాకుల సందుల్లోంచి ఎండ ఆమె చేతుల మీద ఆడుతోంది. ఆ చేతుల్ని చూస్తూ ఉంటే, ఆ అయిదు సెకన్లలోనే నేను ఎక్కడెక్కడికో వెళ్ళి వచ్చాను.

బడిలో నేను చదివింది అయిదో తరగతి దాకా. ఆ తరవాతి చదువంతా పలాస పక్కన కాశీబుగ్గలో ఒక రేడియో రిపేరు కొట్లో. ఆ రోజుల్లో ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసుకు పోయి లైసెన్సు కట్టాలి. గాలిలో వచ్చే పాటకి కూడా అనుమతి కావాలంటే నాకు అప్పుడే ఒళ్ళు మండేది. కానీ ఒక్కటి ఒప్పుకోవాలి, మూత తీయొద్దని మాత్రం ఎవరూ అనలేదు. పైగా మూత లోపలివైపు ఒక పటం అంటించి ఉండేది. ఏ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో, ఏ వాల్వు ఏ పని చేస్తుందో, అంతా ఇంగ్లీషులో. ఆ పటాల మీదే నేను ఇంగ్లీషు అక్షరాలు దిద్దుకున్నాను. ఎప్పుడో ఒకనాడు ఎవడో ఒకడు దీన్ని విప్పుతాడని తయారుచేసినవాడికి తెలుసు. వాడికోసం దారి రాసి ఉంచాడు. ఇప్పటి ఫోనుకు మూతే లేదు, జిగురు పెట్టి అతికించేశారు. లోపల ఇంకో తాళం. కొన్నది మనం, తాళంచెవి వాళ్ళ దగ్గర.

మా కొట్టు వెనక సందులోనే జీడి బట్టీ. మధ్యాహ్నం పూట గాలి ఇటు తిరిగితే పిక్కలు కాలుతున్న పొగ కొట్టంతా నిండిపోయేది. గొంతులో గరగర, కళ్ళల్లో నీళ్ళు, వాటి అడుగున ఎక్కడో కమ్మదనం. ఇప్పటికీ పలాసలో రైలు దిగగానే ఆ వాసన తగిలిందంటే నాకు పద్దెనిమిదేళ్ళు. ఆ బట్టీలో మా అప్ప పిక్కలు కొట్టేది. చేతులకు బూడిద రాసుకుని, కాల్చిన పిక్కను రాయి మీద నిలబెట్టి, చెక్కసుత్తితో ఒకే ఒక్క దెబ్బ. పెంకు పగలాలి, పప్పు విరక్కూడదు. ఎంత బూడిద రాసుకున్నా జీడినూనె వేళ్ళ కొసల్ని తినేసేది. పక్కన కూర్చుని కొట్టేది ఇచ్ఛాపురం అవతలి నుంచి పనికొచ్చిన ఒక ఒరియా పిల్ల. ఇద్దరి సుత్తులూ ఒకటి విడిచి ఒకటి పడేవి. నేను ఇటుపక్క రేడియోకు స్టేషను వెతుకుతూ ఉంటే, గోడ అవతల ఆ టక్కుటక్కుల మధ్య సగం తెలుగు, సగం ఒరియా, ఆపైన నవ్వు. ఏ స్టేషనూ అంత స్పష్టంగా వచ్చేది కాదు.

ఒక సెలవునాడు ఆ ఇద్దరూ అమ్మవారి ముందు నేస్తం కట్టుకున్నారు. మావైపువాళ్ళకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికొకరు పసుపు రాసుకుని, ఆకూవక్కా మార్చుకుంటే తోడబుట్టినవాళ్ళ కింద లెక్క. ఒకరు పోతే రెండోవారు తలకి నీళ్ళు పోసుకోవాలి. ఆ రోజు నుంచీ ఒకరి పేరు ఒకరు పలకకూడదు. నేస్తం అనే పిలవాలి. మా అప్ప కోపంలో మా బావ పేరైనా పలికింది గానీ నేస్తం పేరు మాత్రం ఎన్నడూ పలకలేదు. అడిగితే ఆయుష్షు తగ్గుతుందనేది. నేను నాస్తికుణ్ణి, ఇవన్నీ వెర్రి నమ్మకాలని వాదించేవాణ్ణి. నా మాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

పెళ్ళై ఆ పిల్ల తన ఊరు వెళ్ళిపోయింది. మా అప్ప జలంత్రకోట కోడలైంది. మధ్యలో యాభై ఏళ్ళు పైన. ఇద్దరికీ చదువు లేదు, ఉత్తరాలు లేవు. రెండేళ్ళ క్రితం అప్పకు కంటి శుక్లాలు తీయించడానికి టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఒక కంటికి పచ్చగుడ్డ, రెండో కన్ను అంతంతమాత్రం. మంచం మీద పడుకుని నర్సమ్మతో ఏదో గొడవ పడుతోంది. పక్క మంచం మీద, గోడవైపు తిరిగి పడుకున్న ముసలామె, ఆమె కంటికీ గుడ్డే, ఉన్నట్టుండి నవ్వింది. అప్ప మాట ఆపేసింది. ఆ మంచంవైపు తిరిగింది. ఆపైన మా అప్ప మెల్లిగా, "నేస్తం?" అంది. "ఓలమ్మ, ఇంకా అలగే తగువులాడతన్నావేటి?" అని అటునుంచి జవాబు. ఒకరినొకరు సరిగా చూడలేని ఆ ఇద్దరూ రెండు మంచాల మధ్య చేతులు చాచి పట్టుకున్నారు. వేళ్ళ కొసలు తడుముకున్నారు. నేను నీళ్ళ సీసా నింపే వంక పెట్టుకుని బయటికి వచ్చేశాను.

ఆ నర్సమ్మే అప్ప ఫోనునీ, నేస్తం కోడలి ఫోనునీ కలిపి, బొత్తాం నొక్కిపట్టి మాటాడితే మాట వెళుతుందని నేర్పింది. వాళ్ళకు తెలిసింది అంతే. ఫోను చేసుకోవడం రాదు, రాయడం రాదు. రోజూ భోజనమయ్యాక అప్ప అరుగు మీద కూర్చుని నొక్కిపట్టేది, మర్నాటికి జవాబు వచ్చేది. సముద్రం హోరు, కాకులు, వెనకాల కోడలి గిన్నెల చప్పుడు, వాటి మధ్య ఒక ముసలి గొంతు నిద్రలో నడిచినట్టు సాగిపోయేది. మోకాళ్ళు, వానలు, బట్టీలో ఎవరు ఏ పాట పాడేవారు. ఫోను భద్రంగా ఉంటుందని నేను వేలిముద్ర తాళం పెట్టాను. పది వేళ్ళూ పెట్టి చూసినా అది మా అప్పను గుర్తుపట్టలేదు. జీడినూనె ఎప్పుడో ముద్రలన్నీ తినేసింది. "టెక్కలిలో నేస్తం సూడకుండానే పోల్చింది, నీ డబ్బాకేటిరా రోగం?" అని తిట్టింది. తాళం తీసేశాను.

సరిగ్గా అప్పుడు కంపెనీవాళ్ళ తీర్పు వచ్చింది. వాళ్ళ సర్వీసు సెంటరులో కూర్చున్న అబ్బాయి, "తాతగారూ, దీని లైఫ్ అయిపోనాదండి" అన్నాడు. "దీని యజమానురాలికి డెబ్బై ఎనిమిది, ఆమెది అవలేదు" అన్నాను. నవ్వాడు. కంపెనీకి ఇంగ్లీషులో మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ ఒకే జవాబు, ఒకే అక్షరాలతో. కొత్త ఫోను కొనిస్తానంటే అప్ప, "దీనికేటైనాది? బాగానే ఉన్నాది గదా" అంది. అదే నా మాట కూడా. ఇక నాకు పట్టుదల వచ్చేసింది.

ఇంటర్నెట్‌లో వెతికితే, ఎక్కడెక్కడి కుర్రాళ్ళో ఇలాంటి పాత ఫోన్లకు తమ తీరిక వేళల్లో కొత్త సాఫ్ట్‌వేరు రాసి ఊరికే పెడుతున్నారని తెలిసింది. నా ప్రాణం లేచివచ్చింది. మూత లోపలి పటం మళ్ళీ కనబడినట్టైంది. ముందు బూట్‌లోడర్ తాళం తీయాలి, అంటే ఫోను వెలగగానే అందరికన్నా ముందు లేచే కాపలావాణ్ణి దారికి తెచ్చుకోవాలి. తరవాత కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించాలి. ఆపైన రూట్ చేస్తే ఇంటి పెత్తనం మన చేతికి వస్తుంది, కంపెనీవాళ్ళు కుక్కిన చెత్త యాప్‌లన్నీ ఊడ్చిపారేయవచ్చు. మధ్యలో ఎక్కడ తప్పినా ఫోను ఇక ఎన్నటికీ వెలగని ఇటుక అయిపోతుందని వాళ్ళు హెచ్చరించారు. నిఘంటువు పక్కన పెట్టుకుని పది రోజులు చదివాను. ఫోను మా ఇంటికి తెచ్చుకున్నాను. తాళం తీస్తే లోపల ఉన్నదంతా తుడిచిపెట్టుకు పోతుందని కూడా చదివాను, చదవలేదని అబద్ధం ఆడను. అందుకే ఫోనులోని పేర్లూ నంబర్లూ అన్నీ పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. మేనల్లుడు, మందుల షాపు, కొబ్బరికాయలు దింపేవాడు, ఒక్కటి వదల్లేదు. మాటల సంగతి అంటారా, ఆ యాప్ అప్పటికే తెరుచుకోవడం మానేసింది. ముసలాళ్ళ కబుర్లే కదా, పోతే పోయాయిలే అనుకున్నాను. అప్పను అడగను కూడా అడగలేదు.

సాఫ్ట్‌వేరు ఎక్కించిన మధ్యాహ్నం కొత్త బొమ్మ తెర మీద తిరుగుతూ వెలిగినప్పుడు నా సంతోషం చూడాలి. యాప్ ఎక్కింది, తెరుచుకుంది. తెర మీద నాలుగే నాలుగు పెద్ద బొమ్మలు ఉంచాను. గర్వంగా బస్సెక్కి జలంత్రకోట వెళ్ళి అప్ప చేతిలో పెట్టాను. అప్ప దాన్ని తెరిచింది. ఖాళీ.

"నేస్తం ఏదిరా?"

పుస్తకం తీశాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాను. నేస్తం లేదు. ఎలా ఉంటుంది? నేస్తం పేరేమిటని నర్సమ్మ అడిగితే అప్ప చెప్పలేదు, పేరు లేకుండానే కలిపి వదిలేసింది. పేర్లున్న పట్టీలోంచి నేను ఎత్తి రాసుకున్నాను. పేరు లేని మనిషి నా పుస్తకంలోకి రాలేదు. కంపెనీవాళ్ళు నోరు నొక్కారు, అది నిజమే. చెవి కోసింది మాత్రం నేను.

అటునుంచైనా మాట వస్తుందేమోనని వారం చూశాం. రాలేదు. అప్ప నన్ను తిట్టలేదు. అదే భరించలేకపోయాను. భోజనం చేసి అరుగు మీద కూర్చుని ఆ ఖాళీ తెర చూసి, పక్కన పెట్టి, చేతుల వంక చూసుకునేది. "అప్పా, ఆవిడ పేరు సెప్పు, ఊళ్ళోకెళ్ళి కనుక్కుంటాను" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఇన్నేళ్ళూ పలకనిది ఇప్పుడు పలకమంతావేటి? దానికేటైనా అయితే?" ఇంకేం వాదిస్తాను? ఊరి పేరు మాత్రం చెప్పింది.

ఫోను జేబులో పెట్టుకుని ఇచ్ఛాపురం వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో ఒడిశా సరిహద్దు దాటాను. ఊరి మొదట్లో టీ బడ్డీ. ఎవరింటికి అని అడిగారు. పేరు తెలీదన్నాను. పలాస జీడి బట్టీలో పనిచేసిన పెద్దావిడ అన్నాను. "మా ఊళ్ళో ముసలమ్మలు సగంమంది అక్కడ చేసినోళ్ళే బాబూ" అని నవ్వారు. సిగ్గు చంపుకుని, "మా అప్పకు నేస్తం" అన్నాను. టీ కాస్తున్నావిడ చేతిలో గరిటె ఆగింది. "నేస్తం మాటాడ్డం మానీసిందని రోజూ బెంగెట్టుకుంటన్నామె గావాల. ఆ మూల పెంకుటిల్లు."

నేస్తం గుమ్మంలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. నేను ఫలానా అని చెప్పగానే చేతులు ఆగిపోయాయి. కాసేపు నా మొహంలోకి చూసి, "తలకి నీళ్ళోసుకోమని సెప్పడానికొచ్చినావేటి భాయీ?" అంది.

"కాదమ్మా, కాదు! అప్ప బాగానే ఉన్నాది. ఫోనే పాడైనాది."

ఆమె ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు. మాట పంపితే జవాబు రావడం మానేసిందట. అప్ప ఫోనులో యాప్ తెరుచుకోని రోజుల్లో కొన్నాళ్ళు పంపి, ఇంకోసారి పంపితే ఏ మేనల్లుడో అందుకుని చెప్పరాని మాట చెబుతాడేమోనని భయపడి ఊరుకుందట. కోడలు తన ఫోను తెచ్చింది. నేస్తం బొత్తాం నొక్కిపట్టి ఒక్క మాట అంది, నా జేబులో అప్ప ఫోను గంట కొట్టింది. నంబరు దొరికింది. దానికి పేరు రాద్దామని అడిగాను. కోడలు చెప్పబోతే నేస్తం ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. జీడిపిక్క బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ఇప్పటికీ ఆమె పేరు నాకు తెలియదు.

అన్నం పెట్టింది. తిన్నాను. అప్పుడు చెప్పాను, "తప్పు నాదమ్మా. మీ ఇద్దరి రెండేళ్ళ మాటలూ తుడిచేశాను. తిరిగి రావు. నన్ను ఏం చెయ్యమంటారు?" ఆమె లేచింది. మజ్జిగ పోసింది, వానల గురించి మాట్లాడింది, ఆటో దాకా వచ్చి సాగనంపింది. నా ప్రశ్న నాకు ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా తోడు వచ్చింది.

వారం తరవాత అప్ప రమ్మని కబురు పెట్టింది. నిన్న వెళితే, నేను ఫోను వెలిగించాక అరుగు మీద కూర్చోబెట్టి, "నీకే వచ్చినాది, ఇను" అని ఫోను నా చెవి దగ్గర పెట్టింది. ముందు కాకులు, గిన్నెల చప్పుడు, ఒక దగ్గు. ఆ తరవాత ఆ గొంతు.

"భాయీ, ఆ దినం జవాబు సెప్పనేదని బాధపడకు, ఆలోసించుకుని సెప్తన్నాను. రెండేళ్ళ మాటలు పోనాయంతావు. యాబయ్యేళ్ళు మాట నేకుండా ఉన్నాం, టెక్కలిలో మంచాల మీద ఎక్కడ ఒగ్గీసినామో అక్కడ్నుంచే మొదలెట్టినాం. ఈ రెండేళ్ళెంత? మీ అప్ప సెప్పిందే సెప్తాది, నాను ఇన్నదే ఇంతాను. నువ్వు మాత్రం ఇంక ఆ ఫోను ముట్టుకోకు."