చీటీ అడుగున వదిలిన జాగా

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ ప్రభువు పేరిట వందనాలు. నేను మార్తమ్మను, మన ఊరి అంగన్‌వాడీ టీచరును, మీలో చాలామంది పిల్లలకు అన్నం కలిపి తినిపించినదాన్ని. ఈ ఏడు ఈస్టరుకు ముందు పదకొండు రోజులు మా షారోనును, నర్సింగు ఆఖరి సంవత్సరం చదివే ఇరవై ఒక్క ఏళ్ళ పిల్లను, చేయి పట్టుకుని అంగన్‌వాడీకి తీసుకెళ్ళి మూడేళ్ళ పసివాళ్ళ మధ్య చాప మీద కూర్చోబెట్టుకున్నాను. మీరు చూసి అడిగారు, కాలేజీకి వెళ్ళలేదేమని. జ్వరం అన్నాను. అది అబద్ధం, ఇక్కడ మీ ముందు నిలబడి ఒప్పుకుంటున్నాను. జ్వరం నాకు, భయం జ్వరం!

అది ఎలా వచ్చిందో చెబుతాను. ఈస్టరుకు మన స్త్రీల సమాజం వాళ్ళమంతా ఒకే రకం చీరలు కట్టుకుందామని అనుకున్నాం కదా, తెల్ల చీర, ఎర్ర అంచు. ఆ పని నా మీద పెట్టారు. నేనూ షారోనూ అమలాపురంలో ఒక పెద్ద బట్టల షాపుకు వెళ్ళాం, పేరు చెప్పను, చెప్పి ఎవరినీ బజారున పెట్టడం నా ఉద్దేశం కాదు. అక్కడ పనిచేసే ఒకాయన చీరలు తీసి చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. నా నోటి సంగతి మీకందరికీ తెలుసు. ఎవరైనా మంచిగా మాట కలిపితే చాలు, కడుపులో ఉన్నదంతా బయట పెట్టేస్తాను. చీరల మడతలు విప్పుతూ ఉండగానే మా అమ్మాయి ఏ కాలేజీలో చదువుతోందో చెప్పాను, రోజూ ఎనిమిది పది బస్సుకు మన ఊరి సెంటర్లో ఎక్కుతుందని చెప్పాను, మా వారు ప్రభువునందు నిద్రించి నాలుగేళ్ళయిందని, ఇంట్లో మేమిద్దరమే ఉంటామని, అది కూడా చెప్పాను! ఎవరు అడిగారు నన్ను? ఎవరూ అడగలేదు. బిల్లు మీద ఊరి పేరూ ఫోను నంబరూ అడిగితే అవీ ఇచ్చాను.

ఇంటికి వచ్చి రెండు చీరలు తడిపి చూస్తే అంచు ఎరుపంతా తెలుపులోకి దిగింది. మంగళవారం మధ్యాహ్నం ఆ రెండూ సంచిలో వేసుకుని ఒక్కదాన్నే షాపుకు వెళ్ళాను. ఆ మనిషే ఉన్నాడు. ఉతకడం రాక పాడు చేసుకున్నారు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. సౌమ్యంగా అడగవలసినదాన్ని, గొంతు పెంచి షాపంతా వినేలా అడిగాను. చీరలు చూస్తున్న వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. లోపలి నుంచి యజమాని వచ్చి అందరి ముందూ అతణ్ణి చివాట్లు పెట్టాడు, కంపెనీని కనుక్కుని చెబుతామని చీరలు నాకే తిరిగి ఇచ్చాడు. అతని ముఖం మాడిపోవడం చూసి నాకు లోలోపల సంతోషం కలిగింది, అదీ ఒప్పుకుంటున్నాను.

మెట్లు దిగుతుంటే అతను వెనకాలే వచ్చాడు. నన్ను దాటి కింది మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు. నవ్వుతున్నాడు, గొంతు చాలా మెత్తగా ఉంది. "బిల్లు మీద మీ ఊరూ నంబరూ ఉన్నాయి కదండి. అమ్మాయిగారు ఎనిమిది పది బస్సుకే కదండి వెళ్తారు. ఇంట్లో మగదిక్కు లేదని మీరే చెప్పేరు. ఇంకోసారి మా షాపులో నోరెత్తితే, ఎక్కిన బస్సు అమ్మాయిగారు దిగరండి. జాగ్రత్తండి."

మాట మాటకూ అండి ఉంది, ఒక్క బూతు లేదు. ఎవరైనా పక్క నుంచి చూస్తే ఊళ్ళో వాళ్ళ క్షేమం అడుగుతున్నాడు కాబోలు అనుకుంటారు. నన్ను తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి వచ్చేదాన్నేమో, ఆ మర్యాదకు నా నోరు పడిపోయింది. బస్సులో కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చున్నాను, దిగే చోట చేయి వదలడం రాలేదు.

మా అమ్మ నాకు చిన్నప్పుడే ఒక అలవాటు చేసింది. మన గుడిలో ప్రార్థన చీటీలు వేసే బిస్కెట్ల డబ్బా ఉంది కదా, అందులో వేసే చీటీ ఉత్తరంలా రాయాలని చెప్పేది. తేదీ, వారం, వేళ, ఎవరు ఏమన్నారో ఆ మాటే, మనం అన్నది కూడా దాచకుండా, దేవుని ముందు ఎక్కువా తక్కువా రాయకూడదని, అడుగున రెండు వేళ్ళ జాగా జవాబు కోసం వదలాలని. ఆ సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి రాగానే అలాగే రాశాను. షాపులో నేను అరిచింది రాశాను, మెట్ల మీద అతను అన్నది అండిలతో సహా రాశాను. మరునాడు తెచ్చి డబ్బాలో వేశాను. ఇంకెవరికీ చెప్పలేదు, షారోనుకు కూడా.

మూడో రోజున ఫోను మోగింది. తెలియని నంబరు. అదే మెత్తని గొంతు. "అమ్మాయిగారు బస్సుకి రావట్లేదేంటండి?" అంతే, పెట్టేశాడు. అంటే సెంటర్లో నిలబడి చూస్తున్నాడన్నమాట! ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత పెట్టాను, అది అక్కడి నుంచి నన్ను చూడలేదన్నట్టు. తరవాత తీసి, ఆ నంబరూ, వేళా, ఆ మాటా ఇంకో చీటీ మీద రాసి గుడి డబ్బాలో వేశాను. వీధిలో బండి నెమ్మదిస్తే దీపం ఆర్పేసేదాన్ని. పాలావిడ పిలిచినా కిటికీలోంచి చూసి గాని తలుపు తీసేదాన్ని కాదు. షారోను, అమ్మా నీకేమైంది, నాకు పరీక్షలు దగ్గర పడుతున్నాయి అంటే, నోరు మూసుకుని కూర్చోమని కసిరేదాన్ని. మోకాళ్ళ మీద పడి ఒకటే ప్రార్థన: "తండ్రీ, ఇది నా నోటి వల్ల వచ్చింది, నా బిడ్డ మీదికి రానీయకు."

పోలీసుల దగ్గరికి వెళ్ళాలని తోచలేదా అని మీరు అడుగుతారు. తోచింది. కానీ నేను సమాజంలో క్షమాపణ గురించి ఎన్నిసార్లు మాట్లాడానో మీరే విన్నారు, ఇప్పుడు స్టేషను మెట్లెక్కితే నా విశ్వాసం ఏమైనట్టు? ఆడపిల్ల పేరు కాగితం మీదికి ఎక్కితే రేపు దాని గురించి నలుగురూ ఏమనుకుంటారు? కేసు పెట్టానని తెలిస్తే అతను ఇంకేం చేస్తాడు? ఇవన్నీ కలిపి దానికి విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను, సహోదరులారా. అది విశ్వాసం కాదు, వట్టి భయం.

పదో రోజున కాలేజీ నుంచి ఫోను చేశారు. సోమవారం రాకపోతే హాజరు చాలదు, హాల్ టికెట్ ఇవ్వరు. నాలుగేళ్ళ చదువు! ఆ పిల్ల నా ముఖం వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను.

నెలకు రెండుసార్లు మన పాస్టరమ్మగారు ఒక్కరే ఆ డబ్బా విప్పి చీటీలు చదివి ప్రార్థిస్తారు. పదకొండో రోజు విప్పారు. గంట గడవకుండానే నా రెండు చీటీలూ చేతిలో పట్టుకుని అంగన్‌వాడీకి వచ్చారు, పసివాళ్ళ మధ్య పుస్తకం పెట్టుకుని కూర్చున్న షారోనును చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. అమ్మగారి నాన్నగారు కోర్టులో గుమాస్తాగా చేసిన మనిషి, ఆవిడకు ఇలాంటి సంగతులు తెలుసు.

"మార్తమ్మగారూ, ఇది ఉత్త ప్రార్థన చీటీ కాదండి, ఇది ఫిర్యాదు," అన్నారు. "పైన ప్రియమైన పరలోకపు తండ్రికి అని రాసేరు. ఇదే మాట, అక్షరం మార్చకుండా, ఎస్సై గారికి అని రాయండి."

క్షమించాలి కదండీ అమ్మగారూ, అన్నాను.

"ఆయ్, అతణ్ణి క్షమించండి. అది మీకూ దేవుడికీ మధ్య పని. పిల్లని బస్సు దాకా క్షేమంగా పంపడం ఇంకో పనండి. ఒకటి చేస్తే రెండోది చేసినట్టు కాదు."

అప్పుడు షారోనుకు అంతా తెలిసింది. ఏడుస్తుందనుకున్నాను. కోపంతో నిలబడింది. "నా ప్రాణం గురించి నాకు చెప్పకుండా నన్ను పదకొండు రోజులు దాచేవా అమ్మా?" అంది.

అమ్మగారు ఆ పూటే మమ్మల్ని కొత్తపేట కోర్టు ఆవరణలో ఉచిత న్యాయసహాయం ఇచ్చే చోటికి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా లాయరును ఇస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. అక్కడి లాయరమ్మగారు చీటీలు రెండూ చదివి నిదానంగా చెప్పారు: బెదిరించడం నేరమేనని, ఆడపిల్లను వెంటాడి కనిపెట్టడం దానికదే వేరే నేరమని, షాపు ఎక్కడున్నా మనకు దగ్గరున్న స్టేషనులో ఫిర్యాదు ఇవ్వొచ్చని, ఇచ్చాక రసీదు అడిగి తీసుకోమని. ఒకవేళ తీసుకోకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపొచ్చు, అదీ కాకపోతే కోర్టుకే వెళ్ళొచ్చు, దారి మూసుకుపోదు అన్నారు. ఫోనులో ఆ కాల్ వివరాలు చెరపవద్దన్నారు. షాపు మెట్ల దగ్గర కెమెరా ఉంటే అందులోది కొద్ది రోజులకే చెరిగిపోతుంది, అది దాచి ఉంచమని ఈ రోజే కాగితం పంపుదామన్నారు. చీరల తగాదా వినియోగదారుల కమిషనులో వేరేగా పెట్టుకోవచ్చు, ఈ రెంటినీ కలపొద్దన్నారు. ఆ షాపుకు మళ్ళీ వెళ్ళొద్దు, అతనికి ఫోను చేయొద్దు, గ్రూపుల్లో పెట్టొద్దు అని నా ముఖం చూసి రెండుసార్లు చెప్పారు. నా నోటి గురించి ఆవిడకు అంత త్వరగా ఎలా తెలిసిందో!

స్టేషను ముందు నేను ఆగిపోయాను. అమ్మగారు ఒక చేయి, షారోను ఒక చేయి పట్టుకున్నారు. లోపల ఎస్సై గారు ఫిర్యాదు చదివి, దానికి జత చేసిన చీటీల నకళ్ళు చూశారు.

"ఇది ఎప్పుడు రాసేరమ్మా?"

"ఆ రోజే సాయంత్రం నాలుగున్నరకండి. తేదీ, వేళ పైన వేసేను."

"మాట పొల్లుపోకుండా ఉంది. మీరు అరిచింది కూడా రాసుకున్నారు. ఎవరు రాసిపెట్టేరు?"

"నేనేనండి. దేవుడికి రాసుకున్నదండి, అందులో కల్పించకూడదండి."

ఆయన దాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివారు. తరవాత రైటరును పిలిచి నమోదు చేయించి, రసీదు నా చేతికి ఇచ్చారు.

మెట్ల కెమెరాలో మాట వినిపించదు గాని, అతను దిగి వచ్చి నాకు అడ్డంగా నిలబడటం ఉంది. ఫోను నంబరు అతని సొంతదే. అతణ్ణి పిలిపించి విచారించారు, తహశీల్దారు గారి ముందు బైండోవర్ చేశారు, అంటే ఏడాది పాటు మా జోలికి రానని సంతకం పెట్టించారు. కేసు ఇంకా నడుస్తోంది. అతణ్ణి పనిలోంచి తీసేయించమని నేను అడగలేదు. అది నా గొప్పతనం కాదు, పని లేని మనిషి ఎక్కడెక్కడ తిరుగుతాడో అని భయం. ఇప్పుడు ప్రతిరోజూ అతని పేరు పెట్టి ప్రార్థిస్తున్నాను, మొదట్లో పళ్ళు బిగించి చేసేదాన్ని, ఈ మధ్య కాస్త తేలికగా వస్తోంది.

స్టేషను రసీదు నకలు చూపిస్తే కాలేజీ వాళ్ళు ఆ పదకొండు రోజులూ మన్నించారు. కానీ అవన్నీ తరవాతి సంగతులు. ముందు ఆ సోమవారం వచ్చింది. బైండోవర్ ఇంకా కాలేదు, అతను బయటే ఉన్నాడు. ఒక మహిళా కానిస్టేబులు సెంటర్లో నిలబడి ఉన్నా నా కళ్ళు ప్రతి బండి మీదా ఉన్నాయి. ఎనిమిది పది బస్సు వచ్చింది. షారోను నా వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించుకుని ఎక్కింది. బస్సు వెళ్ళిపోయాక నేను అక్కడే నిలబడిపోయాను. ఎక్కిన బస్సు దిగరండి అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. యాభై నిమిషాలు నేను చేసిన ప్రార్థనలో మాటలు లేవు, తండ్రీ తండ్రీ తండ్రీ, అంతే.

భయం పూర్తిగా పోయిందని నేను మీకు చెప్పను. ఇప్పటికీ వెనక బండి ఆగితే ఉలిక్కిపడతాను. కానీ ఇప్పుడు భయంతో ఒక్కదాన్నే ఇంట్లో లేను, అదే నా విడుదల, అందుకే మహిమ ఆయనకే. ఈ రోజు మా సమాజం వాళ్ళం కట్టుకున్నవి ఆ చీరలే, దగ్గరికి వచ్చి చూస్తే రెండింటి మీద గులాబీ మరకలు కనిపిస్తాయి, అందులో ఒకటి నా ఒంటి మీద ఉంది.

మీలో ఎవరినైనా ఎవరైనా మెత్తగా మాట్లాడి భయపెడుతూ ఉంటే, అది షాపులో గాని, పని చోట గాని, ఇంట్లో గాని, దయచేసి నాలా మూత పెట్టుకుని కూర్చోకండి. ఆయన్ను నమ్మండి, నమ్మి రాయండి, ఆ రోజే, ఉన్నది ఉన్నట్టు. ఇప్పుడు అమ్మగారు డబ్బా ప్రతి ఆదివారం విప్పుతున్నారు. పైన రాసిన పేరు మార్చవలసిన చీటీ అయితే అమ్మగారూ నేనూ మీ చేయి పట్టుకుని ఆ స్టేషను మెట్లెక్కుతాం.

నా అసలు చీటీ అమ్మగారు నాకు తిరిగి ఇచ్చారు, అడుగున వదిలిన జాగాలో నేను రాసుకున్నది చదివి కూర్చుంటాను. జవాబు: సోమవారం, ఉదయం తొమ్మిది గంటలకు ఫోను వచ్చింది. షారోను అన్న మాట: "దిగేనమ్మా."