గాలిసంచి దించిన రోజు

ఎనభైల మొదట్లో నన్ను ధర్మవరం దగ్గర ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్‌కు ఏరోడ్రోమ్ ఆఫీసరుగా వేశారు. హోదా పేరు ఘనమే గానీ, నా కింద ఉన్నది వాచ్‌మన్ ఓబులేసు, ఒక జీపు డ్రైవరు. టవర్ లేదు. ఆఫీసు మేడ మీద రేడియో సెట్టు, బైనాక్యులర్లు, చేత్తో పట్టుకునే సిగ్నల్ దీపం ఉండేవి. విమానం వచ్చే ముందు జీపులో రన్‌వే ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగి, మేకలూ రాళ్లూ లేవని చూసుకుని, పైలట్‌కు ‘రన్‌వే క్లియర్’ అని చెప్పడం నా బాధ్యత.

గాలి వాటం చూపే గుడ్డ గొట్టాన్ని అక్కడివాళ్లు గాలిసంచి అనేవారు. ఆ మెట్ట గాలికి అది ఊరికే చిరిగిపోయేది. అందుకని విమానం లేని రోజుల్లో దించి దాచమని నేనే ఆర్డరు వేశాను. పెద్ద తెలివైన పని చేశానని మురిసిపోయాను కూడా.

ఒక వేసవి ఉదయం కరువు పరిశీలనకు అధికారులను తీసుకుని చిన్న విమానం రావలసి ఉంది. గాలిసంచి అంచు చిరిగిందని ఓబులేసు అంటే, కుట్టించడానికి దించమన్నాను. రన్‌వే తనిఖీ ముగించి మేడెక్కాను. పైలట్ ఇరవై నిమిషాల దూరంలో ఉండగా పిలిచాడు. చెట్ల ఊపును బట్టి గాలి వాటం చెప్పి, క్లియర్ అన్నాను.

అతను కిందికి దిగుతుండగా అలవాటు కొద్దీ బైనాక్యులర్లు ఎత్తాను. తనిఖీలో ఏమీ లేని అవతలి చివర ఇప్పుడు ఎర్రగా మెరుస్తోంది. పట్టు పడుగు! చీర నేసే ముందు నిలువు పోగులను కర్రలకు బిగించి, పొడవునా సాగదీసి సరిచేస్తారు. దానికి చదునైన తిన్నటి చోటు కావాలి. మా రన్‌వేను మించిన చోటు ఆ చుట్టుపక్కల లేదు. రేడియో అందుకున్నాను. దిగొద్దనీ, పైన తిరుగుతూ నేను పచ్చదీపం చూపాకే దిగమనీ పైలట్‌కు చెప్పాను. ఎదురుగాలికి పెట్రోలు బాగా ఖర్చయిందనీ, పావుగంటకు మించి తిరగలేననీ అన్నాడు.

సిగ్నల్ దీపం పట్టుకుని జీపులో వెళ్లి, పడుగు దగ్గరున్నవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. నేత నాగప్ప బిత్తరపోయాడు. “గాలిసంచి దించినారు గదా సార్. అది లేని పొద్దు ఇమానం రాదని పరిచినాము” అన్నాడు. దించమన్నది నేనే. అయినా పడుగు చుట్టే వ్యవధి లేదు. కత్తి తెమ్మని డ్రైవరుకు చెప్పాను.

నాగప్ప భార్య గంగమ్మ అడ్డం వచ్చింది. “కొయ్యొద్దు సార్, మూడు చీరల పడుగు. తెగితే మేము యాడ బతకల్ల? బిగువు సడలకుండా ఇట్లే పక్కకు మోసుకొని పోదాం.” ఆమె మరుదులిద్దరూ కర్రలు పట్టుకున్నారు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. “ఏమప్పా చూస్తాండావు, నువ్వూ ఒక కర్ర పట్టుకో” అంది. గెజిటెడ్ ఆఫీసర్ని, మారు మాట్లాడకుండా పట్టుకున్నాను. డ్రైవరూ చెయ్యి వేశాడు. నాగప్ప అడుగులు లెక్కపెడుతుంటే ఆరుగురం ఒక్క నడకన పక్క మట్టిలోకి చేరాం.

మళ్లీ జీపులో ఆ మేరంతా చూశాను. విడి కర్ర ఒకటి తారు మీదే పడి ఉంది. దాన్ని తీసి అవతల పారేసి, పచ్చదీపం ఎత్తాను. చక్రాలు నేలను తాకి, విమానం మమ్మల్ని దాటి వెళ్లి ఆగాక ప్రాణం లేచొచ్చింది. గంగమ్మ పడుగంతా చూసుకుని, ఒక్క పోగూ తెగలేదని చెప్పింది. ఆ మాటకు నాకు విమానం దిగినంత సంతోషమైంది.

లాగ్ పుస్తకంలో తప్పు నా పేరునే రాసుకున్నాను. రెండో గాలిసంచి తెప్పించి, దాన్ని కట్టే కొయ్య ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదని ఆర్డరు మార్చాను. ఆ తర్వాత ఏ ఊరికి బదిలీ అయినా, చేరిన వారంలోనే రన్‌వే పక్కన బతికేవాళ్ల దగ్గరికి వెళ్లి ఒకటే అడిగేవాణ్ణి: ఈ రోజు విమానం రాదని మీరు దేన్ని చూసి అనుకుంటారు?