కండక్టర్ ఎడమ చెప్పు

పొద్దున పదిన్నర. రాత్రి కురిసిన వాన ఆగి, ఎండ చురచురలాడుతోంది. బ్యాంకు ముందు మట్టిలోంచి ఆవిరి లేస్తోంది. మహాదేవప్ప లేచినప్పటి నుంచి ఏమీ తినలేదు. భార్య నీలమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె అల్లం మార్కెట్లో తాను మోసే బస్తాల మీదే ఉండిపోయింది. చేతిలో కరెంటు బిల్లు పట్టుకుని నలభై మంది వెనక నిలబడ్డ మహాదేవప్పకు అప్పుడొక వింత కనపడింది. వరుసలో అందరికంటే ముందున్న ముసలాయన, సరిగ్గా తన వంతు రాగానే, కిటికీకి వీపు చూపించి వెనక్కి నడుచుకుంటూ వస్తున్నాడు.

వరుసలో నిలబడేవాళ్లంతా వెనక నుంచి ముందుకు పోవడానికి నిలబడతారు. ముందు నుంచి వెనక్కి పోవడానికి నిలబడేవాడు జహీరాబాద్ మొత్తానికి విరూపాక్షప్ప ఒక్కడే.

ఆయన వరుస పొడుగునా ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి మహాదేవప్ప దగ్గర ఆగాడు. చొక్కాకు అంటిన మట్టిని, భుజం మీది గోనెపట్టాను చూశాడు.

"ఏయ్, అల్లం! నా జాగల పొయ్యి నిలవడు. నీ జాగ నాకియ్యి."

"నేనా? ఎందుకు?"

"ముందల నిలవడితే నా కుడి మోకాలికి గాలి తగుల్తలేదు. ఈడైతే మంచిగ తగుల్తది. పో పో, ముందుకు జరుగు, లోపల జాగ ఉన్నది!"

లోపల జాగా ఎక్కడిది? లోపల ఉన్నది ఇనుప చువ్వల వెనక గుమాస్తా అమర్నాథ్, ఆయన చాయ్ గ్లాసు, సిరా ఎండిపోయిన ముద్ర. అయినా మహాదేవప్ప వద్దనలేదు. పది నిమిషాల్లో బిల్లు కట్టేసి మార్కెట్‌కు ఉరికాడు. లారీ ఇంకా కదల్లేదు. కూలి దక్కింది.

సాయంత్రం నీలమ్మతో చెప్పాడు. "బ్యాంకు కాడ ఒక పిచ్చాయన ఉన్నడే."

"పాపం. దవాఖానకు తోల్కపోతలేరా ఎవరన్న?"

"అట్లనకు! ఆ పిచ్చి తగ్గొద్దని దండం వెట్టుకో."

అది ఎనభై రెండో సంవత్సరం. మహాదేవప్ప ఇంట్లో కరెంటు అంటే ఒక్క బల్బు. ఆ ఒక్క బల్బు కోసం రెండేళ్లు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పొద్దుగూకాక దాని కింద కూర్చుని నీలమ్మ శొంఠి వ్యాపారులకు అల్లం పొట్టు గీకి ఇస్తుంది. బిల్లు ఆఖరి తారీఖు దాటితే లైన్‌మన్ స్తంభమెక్కి తీగ పీకేస్తాడు. పీకింది మళ్లీ అతకాలంటే ఆ రెండేళ్ల తిరుగుడు మళ్లీ మొదలు. అలాగని వరుసలో నిలబడితే పూట కూలి పోతుంది. కూలీలను పెట్టుకునే ముకద్దం బస్వరాజ్ మంచివాడే కానీ లారీ మంచిది కాదు. ఎవరి కోసమూ ఆగదు.

విరూపాక్షప్ప ముప్ఫై ఏళ్లు బీదర్ బస్సులో కండక్టర్‌గా చేసి దిగిపోయిన మనిషి. ఆయన బస్సు దిగాడు కానీ, బస్సు ఆయనలోంచి దిగలేదు. వరుసలో ఎవరైనా మెల్లగా కదిలితే "జరుగున్రి, జరుగున్రి, ముందల జాగ ఉన్నది" అంటాడు. ఎవరైనా పక్కనుంచి దూరబోతే "దిగేటోళ్లను దిగనియ్యిన్రి ముందుగాల!" అని గద్దిస్తాడు. రెండు గంటలకు అమర్నాథ్ కిటికీ మూస్తుంటే వరుస వైపు తిరిగి "ఆఖరి స్టేజీ, అందరు దిగాలె" అని ఆయనే ప్రకటిస్తాడు.

పదింటికి కిటికీ తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా రెండు మూడుసార్లు చివర నుంచి మొదటికి వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరితో జాగాకు జాగా మార్చుకుని వెనక్కి పోయేవాడు. ఎందుకని అడిగితే, చెప్పిన కారణం మళ్లీ ఎన్నడూ చెప్పలేదు. ఒకసారి, కిటికీ తూర్పుకు ఉంది, తనకు పడదన్నాడు. ఇంకోసారి అమర్నాథ్ చాయ్ వాసనకు తలనొప్పి లేస్తోందన్నాడు. కోహీర్ నుంచి వచ్చిన బాలింత బస్వమ్మను చూసి, "నీ బిడ్డ నన్ను చూసి నవ్వుతున్నది. నాకు సిగ్గయితున్నది. ముందటికి తీస్కపో" అన్నాడు. ఆ బిడ్డ అప్పటికి గంట నుంచి గుక్కపట్టి ఏడుస్తోంది.

చాయ్ తాగబుద్ధయితే ఎడమ చెప్పు వరుసలో విడిచిపెట్టి పోయేవాడు. మోటారు టైరు అట్టతో కుట్టించిన చెప్పు అది, దాని పట్టీ ఆకుపచ్చ తాడుతో కట్టి ఉండేది. "నా ఎడమ చెప్పు నిలవడితే నేను నిలవడ్డట్టే" అనేవాడు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఎండలో కాలుతుంటే కుంటుకుంటూ హోటల్‌కు పోయి వచ్చేవాడు. ఈలోపు వరుస జరిగితే వెనకవాళ్లు కాలితో ఆ చెప్పును ముందుకు జరిపేవాళ్లు. తిరిగి వచ్చి చెప్పులో కాలు దూర్చి, "ఎంతదూరం వచ్చినవే?" అని దాన్నే అడిగేవాడు.

బట్టల దుకాణం జగన్‌మోహన్ సేటుకు ఈ పిచ్చి మీద కన్నుపడింది. స్కూటర్ దిగి వరుస చివర నిలబడి, "కండక్టర్ సాబ్, ఇయ్యాల జర నన్ను పిలువున్రి" అన్నాడు.

"సేటు, ఇది ఎక్స్‌ప్రెస్ బండి. మీ ఊర్ల ఆగది. ఎనక ఆర్డినరీ వస్తది, అందుల రా."

సేటు తగ్గలేదు. మరునాడు మలై వేసిన చాయ్ పంపించాడు. విరూపాక్షప్ప ఊదుకుంటూ, చప్పరిస్తూ, చివరి చుక్క దాకా తాగాడు.

"చాయ్ జబర్దస్తుగున్నది. ఎవరు పంపిన్రు?"

"నేనే," అన్నాడు సేటు మీసం సవరించుకుని.

"సల్లగుండు. జరుగు సేటు, ఎనక మంది నిలవడ్డరు."

ఆ రోజు కూడా మొదటి జాగా ఒక రాళ్లు కొట్టే మనిషికి పోయింది. కారణం అడిగితే, ఆ మనిషి గడ్డం తనకు నచ్చలేదని, వెనక ఉంచుకుని భరించలేనని చెప్పాడు. ఈయన పిచ్చికి లెక్కాపత్రం లేదని సేటు తేల్చేశాడు. మహాదేవప్ప కూడా అదే అనుకున్నాడు. నెల నెలా తన అదృష్టం కొద్దీ ఆ పిచ్చి తన మీదే వాలుతోందని మురిసిపోయేవాడు.

నీలమ్మ ఒకసారి ఆయనకు రెండు జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి కారం పంపించింది. ఆయన నిలబడే తిన్నాడు. వరుస ఒక అడుగు జరిగితే ఒక ముద్ద.

"కూసోని తినరాదు కండక్టర్ సాబ్?"

"కూసోని తినుడు రూంల రోజు ఉన్నదే, అల్లం. ఆడ నేనొక్కన్నే తింట, గోడ చూస్తది."

ఒక ఆదివారం మధ్యాహ్నం మహాదేవప్ప సంతకు పోతూ బ్యాంకు వైపు చూసి ఆగిపోయాడు. బ్యాంకు మూసి ఉంది. వీధిలో కుక్క కూడా లేదు. మూసిన కిటికీ ముందు విరూపాక్షప్ప ఒక్కడే నిలబడి ఉన్నాడు. కాసేపటికి ఒక అడుగు ముందుకేశాడు. మరి కాసేపటికి ఇంకొకటి. కిటికీని తాకేంత దగ్గరికి వచ్చాక వెనక్కి తిరిగి, ఇరవై అడుగులు నడిచి, లేని వరుసకు చివర మళ్లీ నిలబడ్డాడు.

మహాదేవప్పకు మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు. పోయి ఆయన వెనక నిలబడ్డాడు.

విరూపాక్షప్ప తల తిప్పకుండానే, "జర ఎడం ఉంచు, మీద పడుతున్నవ్" అన్నాడు.

"ఇయ్యాల ఐతారం గద, కండక్టర్ సాబ్."

"ఎరుకనే. అలవాటు తప్పొద్దని." కిటికీ వైపే చూస్తూ అన్నాడు. "ముప్ఫై ఏండ్లు అరవై మంది నడుమ నిలవడ్డోన్ని. ఇంటికి పోతే మా పార్వతమ్మ ఒక్కతే అరవై మందంత మాట్లాడుతుండె. ఇప్పుడామె లేదు, బస్సు లేదు. నిద్రల జరుగున్రి, జరుగున్రి అంటనట. పక్కరూమాయన చెప్పిండు. అంటే మాత్రం జరిగేటోళ్లెవరున్నరు?"

మహాదేవప్ప ఒక అడుగు ముందుకు జరిగాడు. విరూపాక్షప్ప కూడా జరిగాడు. అలా ఇద్దరూ కిటికీ దాకా పోయారు. సంతలో ఉల్లిగడ్డలు అయిపోయాయని ఆ సాయంత్రం నీలమ్మ తిట్టింది.

రెండేళ్లు ఇలా గడిచాక, బ్యాంకు గోడ మీద ఇంగ్లీషులో ఒక కాగితం అంటించారు. ఎవరికీ చదవరాక అందరూ అమర్నాథ్‌ను అడిగారు.

"వచ్చే నెల సంది మీరు రానక్కర్లేదు. ఒక్కపారి సంతకం వెట్టి ఇస్తే చాలు, నెల నెల మీ బిల్లు బ్యాంకే కట్టుకుంటది. మీరు ఇంట్ల పండుకోవచ్చు."

జగన్‌మోహన్ సేటు అక్కడికక్కడే సంతకం పెట్టాడు. విరూపాక్షప్ప చువ్వలు పట్టుకుని అడిగాడు.

"అంటే సార్, లైన్ ఉండదా?"

"ఎందుకుంటది? ఈ ఎండల నిలవడే తిప్పలు పోయింది, ఖుషీ గాలె గని!"

ఆ మాట తర్వాత అమర్నాథ్ ఇంకేదో చెప్పబోయాడు కానీ ఇంతలో చాయ్ వచ్చింది. ఆ రోజు విరూపాక్షప్ప వంతు వచ్చినా వెనక్కి తిరగలేదు. ఎవరినీ పిలవలేదు. వెనకవాళ్లే "జరుగున్రి కండక్టర్ సాబ్" అంటే ఉలిక్కిపడి పక్కకు తప్పుకున్నాడు. జరగమని ఆయనకు ఇంకొకరు చెప్పడం అదే మొదలు.

ఆ వారంలోనే మహాదేవప్ప బిల్లుకు ఆఖరి తారీఖు వచ్చింది. బొంబాయి పోయే లారీ నిండాలి. బస్వరాజ్ ముకద్దం అరగంట ఇచ్చాడు. "అర్ధగంట దాటితే నీ జాగల ఇంకొకన్ని వెట్టుకుంట. తర్వాత నన్ననొద్దు."

బ్యాంకు ముందు యాభై మంది ఉన్నారు. మహాదేవప్ప చివర నిలబడి విరూపాక్షప్ప కోసం మెడ సాచి చూశాడు. ముందు లేడు. మధ్యలో లేడు. హోటల్లో లేడు. ఆఖరి తారీఖు నాడే ఆయన పిచ్చికి సెలవు పెట్టాలా అని తిట్టుకున్నాడు. ఈ పూట లారీ పోతుంది. లేదంటే బల్బు పోతుంది.

అప్పుడు కిటికీలోంచి అమర్నాథ్ గొంతు వినపడింది. "అగో, గోనెపట్టా! అల్లం! ఈడికి రా!"

ముందుకు పోతే కిటికీ కింద, అందరికంటే మొదట, ఆకుపచ్చ తాడు కట్టిన టైరు చెప్పు ఉంది. ఎడమది. పొద్దున్నుంచి జనం దాన్ని దాటి బిల్లు కట్టి పోతున్నారు. ఒక్కరూ దాన్ని కాలితో తోసెయ్యలేదు.

"నేనొచ్చేసరికే ఉన్నది," అన్నాడు అమర్నాథ్. "ఆయన మాత్రం రాలె. ఆయనుంటే ఈ లైన్ల నిన్నే పిలుస్తుండె. అందుకే పిలిచిన. నిలవడు."

జగన్‌మోహన్ సేటు అక్కడే ఉన్నాడు. ఆయన సంతకం పనికొచ్చేది వచ్చే నెల నుంచి. "ఇదేం ఇన్సాఫ్ సార్? పిచ్చోడు రాకపోతే చెప్పు మాట చెల్లుతదా?"

అమర్నాథ్ కలం కింద పెట్టాడు. "సేటు, రెండేండ్ల సంది ఈ చువ్వలల్లకెల్లి చూస్తున్న. ఆయన మోకాలికి గాలి తగలక కాదు ఎనకకు పొయ్యేది. లైన్ పొడుగున చేతులు చూస్కుంట పోతడు. పూట కూలి ఇడిసి వచ్చినోళ్లెవ్వరో, చంక బిడ్డతోని వచ్చిందెవ్వరో చూసి పిలుస్తడు. నీ చేతులు కూడ చూసిండు. అత్తరు వాసన వచ్చిందట."

వరుసంతా నవ్వింది. సేటు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మరి ఆయన బిల్లు ఎప్పుడు కడ్తుండె సార్?" అడిగాడు మహాదేవప్ప.

"ఏం బిల్లు? ఆయన రూంల కరెంటే లేదు. దీపంబుడ్డి."

డబ్బు తీసుకుని, బిల్లు మీద ముద్ర కొట్టి ఇచ్చాడు అమర్నాథ్. రెండేళ్లుగా తన అదృష్టం అనుకున్నదంతా గుర్తొచ్చి, మహాదేవప్ప ఆ బిల్లు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడే బస్టాండులో అరటిపండ్లు అమ్మే నారమ్మ తన బిల్లుతో వచ్చి వరుస చివర చేరింది. నవ్వు ఎందుకో అడిగి తెలుసుకుని, అక్కడి నుంచే గొంతెత్తింది.

"అయ్యో, ఆ కండక్టరేనా? ఇయ్యాల మొదటి బీదర్ బండి ఎక్కిండు గద. చేతిల ట్రంకు. ఏడికి అని అడిగితే మాట్లాడలే. ఒక కాలికి చెప్పున్నది, ఒక కాలు ఉత్తగనే ఉన్నది. చెప్పు ఏడ పోయిందని అడిగితే నవ్విండు."

"లైన్ ఉండదనుకున్నడేమో," అన్నాడు అమర్నాథ్ మెల్లగా. "ఆ సంతకం ఖాతా ఉన్నోళ్లకే. ఖాతా లేనోళ్లకు లైన్ ఉంటనే ఉంటది. గదే చెప్తామనుకున్న, చాయ్ వచ్చింది."

మహాదేవప్పకు ఖాతా లేదు. నారమ్మకు లేదు. వరుసలో సగం మందికి లేదు.

అరగంటలో ఇంకా కొంచెం మిగిలి ఉంది. మహాదేవప్ప వంగి చెప్పు తీసుకున్నాడు. ఇంటికి తీసుకుపోతాడనుకున్నారు అందరూ. ఆయన వరుస పొడుగునా వెనక్కి నడిచి, ఇంతకుముందు తాను నిలబడ్డ చోట, నారమ్మకు ముందు, దాని ముక్కు కిటికీ వైపు తిప్పి పెట్టాడు.

"ఇదేందయ్యా, నా ముందల చెప్పు?"

"ఆయన జాగల నేను కట్టిన. నా జాగ ఆయనది. జాగకు జాగ."

అని మార్కెట్ వైపు పరుగెత్తాడు.

ముందు ఎవరో బిల్లు కట్టి పోయారు. వరుస ఒక అడుగు కదిలింది. చెప్పు కదల్లేదు. నారమ్మ ఇటూ అటూ చూసి, తన కాలి బొటనవేలితో దాన్ని మెల్లగా ముందుకు నెట్టింది.

"జరుగప్పా, జరుగు. ముందల జాగ ఉన్నది."