నేను పంపని ఫోటో

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను చూసి నవ్వేదాన్ని. ఫిజిక్సు చదివినదాన్ని, కొలతకు అందని దాన్ని నమ్మేదాన్ని కాదు. ఇది భయపడి రాయడం లేదు. సిగ్గుపడి రాస్తున్నాను.

తొంభైల చివర్లో నగరంలోని ఒక ల్యాబులో పరిశోధన చేసేదాన్ని. గాలి తీసేసిన గాజు గదిలో పరమాణువుల మీద లేజరు కాంతి పడితే, అవి వేగం తగ్గి, విపరీతంగా చల్లబడి, మిరియపు గింజంత మబ్బులా పోగవుతాయి. ఆ మబ్బు కదలికను బట్టి భూమి ఆకర్షణలోని చిన్న చిన్న తేడాలు కూడా కొలవచ్చు. కానీ దాన్ని కెమెరాలో పెద్దగా చూడాలన్నా, చిన్నగా చూడాలన్నా ప్రతిసారీ లెన్సులన్నీ విప్పి మళ్లీ బిగించాలి. రోజంతా దానికే పోయేది.

సెలవులకు సూర్యాపేట వచ్చినప్పుడు ఈ సంగతి యాదగిరి మామకు చెప్పాను. మా వీధిలో కెమెరాలు బాగుచేసేవాడు. పది రోజులు కూర్చుని, ఇత్తడి గొట్టంలో లెన్సులు ముందుకూ వెనక్కూ జరిగేలా అమర్చి ఇచ్చాడు. రింగు తిప్పితే చాలు, బొమ్మ పెద్దదవుతుంది, మసకబారదు.

"ఆ మబ్బు ఎట్లుంటదో ఒక ఫోటో పంపు బిడ్డా, జర సూస్త" అన్నాడు.

గొట్టం బ్రహ్మాండంగా పనిచేసింది. ఎవరు చేశారని మా సారు అడిగితే, "నేనే సార్" అనేశాను. అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత నిజం చెప్పడం రోజురోజుకూ కష్టమైంది. ఫోటో పంపితే మామ ల్యాబుకు జవాబు రాస్తాడు, గుట్టు బయటపడుతుంది. అందుకే పంపలేదు.

మరుసటి ఏడు మామ పోయాడని తెలిసి వెళ్లాను.

"నువ్వు పంపిన ఫోటో వచ్చినోళ్లందరికీ సూపిచ్చిండు బిడ్డా. నా గొట్టంతోనే తీసిండ్రని ఎంత మురిసిండో" అంటూ అత్త ఒక ఫోటో నా చేతిలో పెట్టింది. టపాలో వచ్చిందట. కవరు దాచలేదట.

అది మా మబ్బే. కానీ అంత పెద్దగా మేమెన్నడూ తీయలేదు, అవసరం రాలేదు. ఎడమ అంచున సన్నటి చీలిక కనిపిస్తోంది. అలాంటిది మేము చూడనే లేదు.

తిరిగి ల్యాబుకు వెళ్లాక రింగు చివరిదాకా తిప్పి చూశాను. అదే చీలిక, అదే అంచున.

ల్యాబులో ఇంకెవరైనా పంపారా అంటే, మామ పేరే అక్కడ ఎవరికీ తెలియదు. తెలియనివ్వనిది నేనే.

సారుకు నిజం చెప్పాను. అప్పటికే ఆ గొట్టం గురించిన పరిశోధన వ్యాసం నా పేరుతో అచ్చయిపోయింది.

ఆ ఫోటో ఎట్లా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. అత్తకు మాత్రం, అది నేను పంపలేదన్న ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆ రోజు వాళ్లింటి నుంచి నేను బయల్దేరేటప్పుడు ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను వెనక్కి తీసుకోలేదు.