అలారంలోకి చేరిన మాట

నా ఫోన్‌కు ఏ జబ్బూ లేదు. అద్దం పగల్లేదు, ఛార్జింగ్ సాయంత్రం దాకా వస్తుంది. కంపెనీవాళ్లు మాత్రం దానికి అప్‌డేట్లు ఆపేశారు. కర్నూలులో కొన్న అంగడికే పోయి అడిగితే, "పాతదైపోయింది మేడం, కూర్చోండి, కొత్తవి చూపిస్తా" అన్నాడు అంగడాయన. నేను కూర్చోలేదు.

నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో ఏనాటి నుంచో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే నడుస్తోంది. దాని లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, తెలిసినవాళ్లు బాగుచేయొచ్చు. అలాంటిది నా ఫోన్‌కూ ఉందని తెలిసి, దాన్ని ఎక్కిద్దామని ఒక ఆదివారం కేబుల్ పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

"ఉండేది కూడా పోగొట్టుకుంటాండావు" అన్నాడు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా.

తెర నల్లబడింది, ఎంతకీ వెలగదు. ఆశ వదులుకునే వేళకు వెలిగింది. ఫోన్ కొత్తదానిలా చురుగ్గా నడిచింది. అయితే కడప పోతూ మైదుకూరులో టిఫిన్ తిని డబ్బులు కడదామని బ్యాంకు యాప్ తెరిస్తే, ఇలా సాఫ్ట్‌వేర్ మార్చిన ఫోన్‌లో పనిచేయనని మొరాయించింది. మా ఆయన తన ఫోన్‌తో కట్టి, కడప చేరేదాకా ముసిముసిగా నవ్వుతూనే ఉన్నాడు.

మా పక్కింట్లో మగ్గం పని చేసే ముస్లిం ఆవిడ ఉంది. నాకంటే చిన్నది, తోచింది మొహమాటం లేకుండా చెప్పే మనిషి. ఒకరోజు మా ఇంట్లో ఉండగా నా అలారం మోగింది. కాసేపు ఆపే బటన్ మీద 'తాత్కాలికముగా విరమింపుము' అని ఉంది.

"ఇదేందక్కా, కోర్టు నోటీసు మాదిరి ఉండాది?"

"ఇంతకంటే మంచి మాట ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు మనమే పంపొచ్చు."

"మనం చెప్తే యాడ వింటారు?"

"వింటే వింటారు. నువ్వైతే ఏమంటావు?"

"రోంతసేపాగు అంటా."

అదే పంపాను. ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అనువాదాలు చూసే ఆయనది కోస్తా. రోంత అంటే ఏమిటని అడిగాడు. కొంచెం అని చెప్పాను. మాట బాగుంది గానీ అన్ని జిల్లాలవాళ్లకూ తెలియాలి కదా అన్నాడు. "వాళ్ల మాటలు మనం నేర్చుకోలేదా?" అని ఈమె అలిగింది. ఆ మాటా ఆయనకు చేరవేశాను. రాతలు అటూ ఇటూ తిరిగి 'కాసేపాగు' దగ్గర ఆగాయి. తర్వాతి అప్‌డేట్‌లో అది నా ఫోన్‌లోకి వచ్చేసింది. ఆమె ఆ బటన్‌ను వేలితో తడిమి చూసింది.

"రోంత పోతే పోయింది, కోర్టు నోటీసైతే పోయింది కదా" అంది.

తన ఫోన్‌లోనూ ఆ సాఫ్ట్‌వేర్ పెట్టమంది. కుదరలేదు. దాని కంపెనీ వేరేది ఎక్కించే వీలు లేకుండా తాళం వేసిపెట్టింది. అందుకే కొత్తది కొనే రోజు నన్ను వెంటబెట్టుకుని పోయింది. బ్యాటరీ మనమే మార్చుకోవచ్చా, వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోనిస్తారా అని అడిగింది. అంగడాయన తెల్లమొహం వేసి, వెనక కవర్ ఊరికే ఇస్తానన్నాడు.

"కవర్ సంగతి తర్వాతప్పా, ముందు లోపలి సంగతి చెప్పు" అంది.

ఆయన ఎవరెవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు. బ్యాటరీ మార్చుకునేది దొరకలేదు. తాళం తీయనిచ్చేది మాత్రం ఒకటి దొరికింది.