మాటకు పదికి పది

ఆసుపత్రిలో ఏ కంప్యూటర్ మొరాయించినా ఆమెనే పిలుస్తారు కాబట్టి అందరికీ ఆమె కంప్యూటరమ్మే. డాక్టర్లు రోగుల్ని ఫోన్లోనే చూసేందుకు మూడు వీడియో కాల్ యాప్‌లలో ఏది కొనాలో తేల్చే పనీ ఆమె నెత్తినే పడింది.

వారం రోజులు లిఫ్టులో, మెట్ల కింద, మందుల గదిలో నిలబడి గొంతు పోయేలా హలో హలో అని అరిచింది. మొదటిది సగం మాటలు మింగేసింది. రెండోదాన్ని తెరవడమే గగనమైపోయింది. మూడోది మాత్రం సిగ్నల్ తగ్గగానే బొమ్మను ఆపేసి మాటను నిలబెట్టింది. దానికి పదికి పది వేసింది.

"మొహం కనబడకపోతే కొంపేం మునగదు సార్. మాట వినబడితే చాలు" అని పెద్ద డాక్టరుతో వాదించి మరీ కొనిపించింది.

నెల తిరక్కుండానే ఆమె అక్కకు కడుపునొప్పి పట్టుకుంది. అక్కకు పుట్టినప్పటి నుంచీ వినబడదు, చేతులతోనే మాట్లాడుతుంది. చెల్లెలికి మాటలకంటే ముందు ఆ సైగలే వచ్చాయి. అంతటి మనిషీ మార్కులు వేసేటప్పుడు అక్కను మరిచిపోయింది.

కంప్యూటరమ్మ డాక్టరు పక్కన కూర్చుని కాల్ కలిపింది. తెరమీద అక్క నొప్పి ఎక్కడో చూపించబోయింది. అంతలో సిగ్నల్ తగ్గింది. అక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అక్క ఊపిరి, వెనక గోడగడియారం మాత్రం స్పష్టంగా వినబడుతున్నాయి.

"ఏమంటోందమ్మా?" అన్నాడు డాక్టరు.

"గాజుల చప్పుడవుతోంది సార్. ఇంకా చెబుతూనే ఉంది."