వరిచేను మధ్య పుట్టిల్లు

మా జపాన్ పిన్ని పోయింది. మొన్న పొద్దున్న బాబాయి ఫోన్ చేసి, "మీ పిన్ని ఇంక లేదురా, వచ్చెయ్" అన్నాడు. అంతే. జంగారెడ్డిగూడెంలో బస్సెక్కి భీమవరంలో దిగేదాకా ఆవిడ మాటలే చెవిలో ఉన్నాయి.

బాబాయి ఓడల్లో ఉద్యోగం చేసే రోజుల్లో ఆవిణ్ణి జపాన్‌లోనే పెళ్ళి చేసుకున్నాడు. ఉద్యోగం మానేశాక భీమవరం పక్కన ఉన్న మా ఊరికి తీసుకొచ్చాడు. మా నాయనమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "నీ పుట్టింటి ఇంటిపేరేంటమ్మా?" అని. మనవైపు ఇంటిపేరు దొరికితే చాలు, ఏడు తరాల కూపీ లాగేస్తారు కదా. పిన్ని "తనకా" అంది. 'త' అంటే వరిచేను, 'నకా' అంటే మధ్య అని బాబాయి విడమరిచి చెప్పాడు. "ఓస్, మనలాంటి వ్యవసాయదారులే" అని నాయనమ్మ ఊరుకుంది.

అండీ లేకుండా పిన్నికి తెలుగు రాలేదు. చిన్నపిల్లలమైన మమ్మల్ని కూడా అండీ అనేది. మీది గొప్ప వంశమా అని ఆటపట్టిస్తే, "ఏం గొప్పండీ, మా దేశంలో బజార్లో నిలబడి తనకా అని పిలిస్తే నలుగురు వెనక్కి తిరుగుతారు. చేను ఎక్కడుంటే అక్కడ మావాళ్ళేనండి" అనేది. నిజానికి ఆవిడకి నా అన్నవాళ్ళు అక్కడ ఎవరూ మిగల్లేదు.

మా చేను కౌలుకి చేసే దంపతులు ఆ చేలోనే చిన్న తాటాకింట్లో ఉండేవారు. పిన్ని సాయంత్రాలు అక్కడికెళ్ళి కూర్చునేది. "చేను మధ్య ఇల్లు మీది. అయితే మీరు నా పుట్టింటివారేనండి" అని ఆ ఇల్లాలిని వదినా అని పిలవడం మొదలుపెట్టింది. ఊరంతా నవ్వుకుంది. కొత్త బియ్యం వచ్చినప్పుడు చేలో వదిన ఓ సంచి తెచ్చిస్తే, పిన్ని రెండు చేతులా అందుకుని తల వంచేది.

తర్వాత చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాయి. ఆ ఉప్పునీరు చేలోకి ఊరి మా వరి ఎర్రబడిపోతుంటే బాబాయి మాత్రం ఏం చేస్తాడు, మా చేనూ చెరువుకే ఇచ్చాడు. చేలో వదిన వాళ్ళు ఊళ్ళోకి మారారు. "పుట్టిల్లు మునిగిపోయిందండి" అని పిన్ని ఒక్కసారే అంది. మళ్ళీ అటు వెళ్ళలేదు.

ముత్తయిదువ పోతే పుట్టింటి చీర కప్పి సాగనంపాలి. మొన్న స్నానం చేయించారు, పసుపు రాశారు, చీర దగ్గర ఆగిపోయారు. "పుట్టింటివారెవరండీ?" అని ఓ పెద్దావిడ అడిగింది. "మనమే ఒకటి కప్పేద్దాం" అన్నారెవరో. "పుట్టింటి చీర అత్తింటివాళ్ళు ఎలా పెడతారండీ?" అంది పెద్దావిడ. ఇన్నేళ్ళు మా ఇంట్లో దీపం పెట్టిన మనిషి చివరికి దిక్కులేనిదానిలా వెళ్ళిపోవాలా అనిపించింది నాకు.

అప్పుడు చేలో వదిన గుమ్మంలోకి వచ్చింది. వెనకాలే భర్త. ఆవిడ చేతిలో బట్టల కొట్టు కవరు.

"మా ఆడపడుచుకి మేం పెట్టకపోతే ఎవరు పెడతారండీ" అంది.

కవర్లోంచి చీర తీసింది. ఆకుపచ్చ నేతచీర. మడతలు విప్పి, మెడ దాకా కప్పి, నిద్రపోయే పిల్లకి సర్దినట్టు అంచులు సర్దింది. అప్పుడు ఏడ్చాడు బాబాయి.

పాడె మోస్తూ మా పాత చేను దాటాం. రోడ్డుకి రెండు పక్కలా చెరువులే, నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలే. కనుచూపు మేరలో పచ్చగా ఉన్నది పిన్ని మీది చీర ఒక్కటే.